ఎల్తది, ఎల్లదు, ఎల్లిండు!

నిజామాబాద్‌లో బస్సెక్కి బోధన్‌లో దిగేలోపు కాస్త చెవి ఒగ్గి వినండి. ఒకే మాట పది రకాలుగా వినిపిస్తుంది. కాలువల నీళ్లెల్లినయంటారు. జీతంతోటి నెల ఎల్తలేదంటారు. కొడుకు దుబాయ్ ఎల్లిపోయిండంటారు. చెరుకుతోటలు పెరిగిన ఈ సీమ కథంతా ఆ రెండక్షరాల్లోనే ఉందంటే అతిశయోక్తి కాదు!

నిజామాబాద్ బస్టాండ్‌లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని సాగనంపుతూ ఉంటారు. పెళ్లయిన బిడ్డను అత్తగారింటికి, చదువుకునే పిల్లాణ్ని హైదరాబాద్‌కు, పెద్ద సూట్‌కేసుకు తాడు కట్టుకున్న కొడుకును శంషాబాద్ విమానాశ్రయానికి. అక్కడ వినిపించే మాటలకు ఒక కట్టుబాటుంది. బయలుదేరేవాళ్లు ‘పోతున్న’ అని ఊరుకోరు. ‘పోయొస్త అవ్వా’ అంటారు. సాగనంపేవాళ్లు ‘పో’ అనరు. ‘పైలంగ పోయి రా బిడ్డా’ అంటారు. పోవడానికి రావడాన్ని ముడివేయకుండా గడప దాటనివ్వరు.

‘ఏడికి పోతున్నవ్?’ అని ఎదురొచ్చి అడగడమూ తప్పే. ‘ఎంత దూరం?’ అనో, ‘ఎటు బైలెల్లినవ్?’ అనో అడగాలి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి ఇక్కడి బజార్లలో మరాఠీ కూడా వినిపిస్తుంది. వాళ్లదీ ఇదే పద్ధతి. ఇంట్లోంచి బయలుదేరుతూ ‘జాతో’ అనరు, ‘యేతో’ అంటారు. అంటే వస్తానని. భాష మారినా భయం ఒక్కటే!

కొత్తగా వచ్చినవాళ్లను తికమకపెట్టే మాట ఇంకొకటి ఉంది. ‘బోధన్‌కెల్లి వస్తున్న’ అని ఎవరైనా అన్నారనుకోండి. కోస్తా చెవికి ‘బోధన్‌కు వెళ్లి వస్తున్నాను’ అన్నట్టు వినిపిస్తుంది. కాదు. ‘బోధన్ నుంచి వస్తున్నాను’ అని దాని అర్థం. ఒక్క ‘కెల్లి’తో ప్రయాణం దిక్కే మారిపోతుంది. మాట తేడా తెలియక, ఊరివాణ్ని చుట్టపుచూపుగా వెళ్లొచ్చినవాడనుకునే ప్రమాదం ఉంది మరి!

వెలి నుంచి ఎల్లు దాకా

పుస్తకాల తెలుగులో ‘వెళ్లు’ అంటే ఇప్పుడు ఎటు కదిలినా సరే. బడికి వెళ్లాడు, ఇంట్లోకి వెళ్లాడు అంటాం. కానీ ఆ మాట పుట్టుకలో ఉన్నది లోపలి నుంచి బయటికి రావడమే. వెలి అంటే బయట. వెలుపల, వెలివాడ, వెలివేత, వెలువడు... అన్నీ ఆ కుటుంబంలోవే. నమ్మకం కుదరకపోతే మనం రోజూ వాడే పలుకుబళ్లు చూడండి. కష్టాలు వెళ్లబోసుకుంటాం. విషం వెళ్లగక్కుతాం. ఆశ్చర్యపోతే నోరు వెళ్లబెడతాం. ఇష్టం లేనివాణ్ని వెళ్లగొడతాం. వీటిలో దేనికీ ఊరికే ‘కదలడం’ అనే అర్థం సరిపోదు. ‘బయటికి’ అనుకుంటేనే కుదురుతుంది.

పుస్తకాల్లో మాసిపోయిన ఆ పాత అర్థం నిజామాబాద్ పల్లెల్లో ఇంకా పచ్చిగా ఉంది. ఇక్కడ ఒకచోటి నుంచి ఒకచోటికి కదలడానికి ‘పోవుడు’ ఉంది. ‘ఎల్లుడు’ ఎక్కువగా బయటపడటానికే. కాలుకు దెబ్బ తగిలితే నెత్తురెల్లుతుంది. గుచ్చుకున్న ముల్లు సూదితో తీస్తే ఎల్లుతుంది. పసిపిల్లకు పండ్లెల్లుతాయి. పొయ్యిలోంచి పొగెల్లుతుంది. ఎవరైనా గొప్పవాళ్లయితే పేరెల్లుతుంది. దసరా ఎల్లినంక పెండ్లి మాటలు మొదలవుతాయి. వంటింట్లో దొరికే వెల్లుల్లికి ఇక్కడ ఎల్లిపాయ అని పేరు. ‘ఎల్లిపాయె’ అంటే వెళ్లిపోయిందని. ఈ రెండింటినీ కలిపి పిల్లలు ఆడే ఆటమాటలకు లెక్కే లేదు.

దేవతలు కూడా ఇక్కడ ఎల్లాల్సిందే. ఆషాఢంలో నిజామాబాద్‌లో ఊర పండుగ జరుగుతుంది. చెక్కతో చేసిన గ్రామదేవతల ప్రతిమలను ఊరేగింపుగా మోసుకెళ్లి నగరం చుట్టుపక్కల గుళ్లకు చేరుస్తారు. దేవతలు నలుదిక్కులా కాపుంటే రోగాలు ఊరు దాటి పోతాయని నమ్మకం.

ఎల్లనివ్వని చోటు కూడా ఈ ఊళ్లోనే ఉంది. అది గుట్ట మీది ఖిల్లా. నిజాం కాలంలో అది జైలు. 1948లో దాశరథి కృష్ణమాచార్య అక్కడ ఖైదీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి తోటి ఖైదీ. కాగితం, కలం ఇవ్వని చోట దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. మనిషి గోడ దాటలేదు. మాట మాత్రం దాటింది. తెలంగాణ అంతటా మార్మోగింది. ‘పేరెల్లుడు’ అంటే అదే!

నీళ్లెల్లిన నేల

బోధన్ సీమ పచ్చబడటానికి మూలం మంజీర నది. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి ఆ నది మీద నిజాంసాగర్ ఆనకట్ట కట్టారు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. జిల్లాల విభజన తర్వాత ఆ డ్యాం కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది కానీ, దాని ప్రధాన కాలువ మాత్రం వర్ని, బోధన్, నిజామాబాద్ పొలాల మీదుగానే సాగుతుంది. రెండు లక్షల డెబ్బయ్ అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది ఆనాటి లెక్క. తూములు ఎత్తగానే ‘నీళ్లెల్లినయ్’ అన్న మాట కాలువ కంటే ముందు పరుగెత్తేదట. నారుమడికైనా చెరుకు నాటుకైనా ఆ కబురే ముహూర్తం.

నీళ్లు ఎల్లిన చోటికి మనుషులు రాక మానరు. కోస్తా జిల్లాల నుంచి రైతులు కుటుంబాలతో తరలివచ్చారు. అక్కడి భూములమ్ముకుని ఇక్కడ కొన్నారు. కాలువ పక్కన గుడిసెలు వేసుకుని ఉన్న చోట్లకు ‘క్యాంపు’ అని పేరొచ్చింది. గుడిసెలు డాబాలయ్యాయి, మనవళ్లు తాతలయ్యారు, క్యాంపు అన్న తోక మాత్రం ఊడలేదు. వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్ చుట్టుపక్కల ఇప్పటికీ అలాంటి ఊళ్లు కనిపిస్తాయి.

అలా ఒకే కాలువ గట్టున రెండు తెలుగులు కాపురం పెట్టాయి. క్యాంపులో ‘వెళ్లొస్తానండి’ అంటే పక్క ఊళ్లో ‘పోయొస్తనే’ అంటారు. మొదట్లో ఒకరి మాట ఒకరికి నవ్వు తెప్పించి ఉంటుంది. కానీ పొలం పనుల్లో, సంతల్లో, బళ్లలో రెండూ కలిసిపోయాయి. క్యాంపు పిల్లలు ఇంట్లో ‘వెళ్తాను’, బయట ‘పోత’ అంటారు. ఇక దుకాణాల దగ్గర ఉర్దూ సరేసరి. సరుకు లారీ ఎక్కిందంటే ‘రవానా అయింది’. మనం రవాణా అని రాసే మాటకు అసలు మూలం పారసీలో సాగిపోవడమే.

ఆనకట్ట కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా ఉన్న నిజాంసాగర్ సామర్థ్యం పూడిక వల్ల 17.8 టీఎంసీలకు పడిపోయింది. ఎగువన సింగూరు జలాశయం వచ్చింది. ‘నీళ్లెల్లినయ్’ అనే కబురు కోసం ఎదురుచూడటం ఎక్కువైంది. ఎదురుచూపు పెరిగిన కొద్దీ అదే మాటకు ఉన్న ఇంకో అర్థం బయటికొచ్చింది.

చక్కెర ఎల్లిన ఊరు

నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పండింది. చెరుకు కోసం బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 1937లో సంస్థ ఏర్పాటైతే మరుసటి ఏడాదికల్లా గానుగ ఆడింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు చెప్పుకొనేవారు. ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. శక్కర్ అంటే చక్కెరే. క్వార్టర్లు, బడి, ఆస్పత్రి అన్నీ అందులోనే. నిజామాబాద్ దగ్గర జానకంపేటలో ప్రధాన రైలు మార్గం నుంచి చీలిన లైను బోధన్ దాకా వచ్చింది. ఇటు నుంచి చక్కెర బస్తాలు అటు రవానా అయ్యాయి.

చెరుకుకు ఆగే ఓపిక ఉండదు. కోసిన గడ ఎండలో పడి ఉన్న కొద్దీ బరువు తగ్గుతుంది, అందులోని చక్కెరా తగ్గుతుంది. పొద్దున కోస్తే వీలైనంత త్వరగా గానుగలో పడాలి. అందుకే చలికాలం వస్తే బోధన్ దారులన్నీ ఎడ్లబండ్లు, ట్రాక్టర్లతో నిండిపోయేవి. బండ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర వరుస కట్టేవి. చెరుకు బిల్లు చేతికొచ్చాకే పెండ్లిళ్లు, బంగారం, కొత్త బట్టలు. ‘ఈ ఏడు ఎల్తది’ అని రైతు ధైర్యంగా చెప్పేది అప్పుడే.

ఇక్కడ ‘ఎల్తది’ అంటే గడుస్తుంది, సరిపోతుంది అని. రోజులు వెళ్లదీయడం అని పుస్తకాల్లో రాస్తామే, దాని తోబుట్టువే ఇది. ‘మీకెట్ల ఎల్తున్నది?’ అని అడిగితే సంసారం ఎలా సాగుతోందని అడిగినట్టు. ‘ఎల్తలేదు వదినె’ అంటే ఇక వేరే వివరం అక్కర్లేదు. చేతిలోని డబ్బు నెలాఖరు గట్టు దాటి బయటపడటం లేదని అర్థం.

2002లో ఈ ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. పేరు నిజాం దక్కన్ షుగర్స్‌గా మారింది. ఆ నిర్ణయం మీద ధర్నాలు, పాదయాత్రలు, శాసనసభలో వాదనలు ఏళ్ల తరబడి సాగాయి. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. శక్కర్‌నగర్ చిమ్నీ నిలబడే ఉంది, పొగెల్లడం మాత్రం ఆగింది. ఫ్యాక్టరీని మళ్లీ తెరిచే మార్గాలు చూడమని 2024లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ చిమ్నీ పేరు వినిపిస్తూనే ఉంటుంది.

చెరుకు రైతుల్లో కొందరు కామారెడ్డి వైపు మిల్లులకు తోలారు. చాలామంది వరికి మళ్లారు. కార్మికుడికి మాత్రం మళ్లడానికి పొలం లేదు. గానుగ ఆగితే చక్కెర ఎల్లదు. చక్కెర ఎల్లకపోతే ఇల్లెల్లదు. ఇల్లెల్లకపోతే మనిషి ఎల్లాలి. ఒకే క్రియ మూడు మెట్లు దిగిందన్నమాట!

ఒక్క ‘ల’ తేడా

నిజానికి మనిషి ఎల్లడం ఫ్యాక్టరీ మూతకు ముందే మొదలైంది. 1970ల్లో గల్ఫ్‌లో చమురు డబ్బు పెరిగి, అక్కడ రోడ్లు, భవనాలు లేస్తున్నప్పుడే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి కూలీలు విమానం ఎక్కారు. ఊళ్లో అన్నిటికీ కలిపి ఒకటే పేరు... దుబాయ్. సౌదీ అయినా మస్కట్ అయినా కువైట్ అయినా ‘దుబాయ్ పోయిండు’ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘బాహర్ గయా’ అంటారు. దేశం పేరు చెప్పనక్కర్లేదు. బయట అంటే చాలు.

పదో తరగతి పాసుకానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. 1983 నాటి వలస చట్టం ప్రకారం వాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. జీతం, కాంట్రాక్టు చూసి పంపాలన్నది దాని ఉద్దేశం. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద ఎక్కినవాళ్లకు ఆ రక్షణ ఉండదు. అప్పు మాత్రం ఇద్దరికీ ఉంటుంది. మొదటి రెండేళ్లు వడ్డీకే సరి.

అక్కడికి పోయినవాళ్లు బయటికి సంబంధించిన కొత్త మాటలు ఊరికి మోసుకొచ్చారు. యజమాని దగ్గర్నుంచి కాగితాలు లేకుండా బయటపడ్డవాణ్ని ‘ఖల్లివల్లి’ అంటారు. అరబ్బీలో ఆ మాటకు వదిలెయ్, పోనీ అని అర్థం. మన ఊళ్లలో అది మనిషికే పేరైంది. ఖల్లివల్లి అయినవాడికి పని దొరుకుతుంది కానీ, పోలీసు కనపడితే పరుగే. పాస్‌పోర్టు లేకుండా ఇంటికి చేరాలంటే రాయబార కార్యాలయం ఇచ్చే ‘ఔట్‌పాస్’ కావాలి. సౌదీ నుంచి పని ముగించుకుని వచ్చేస్తే ‘ఎగ్జిట్ మీద వచ్చిండు’ అంటారు. ఆ ఎగ్జిట్ ఒకప్పుడు పూర్తిగా యజమాని చేతిలో ఉండేది. 2021 మార్చిలో అమల్లోకి వచ్చిన మార్పులతో చాలామంది కార్మికులకు యజమాని ఒప్పుకోకపోయినా దేశం దాటే వీలు దొరికింది. ఇంటిపని చేసేవాళ్లకు అది వర్తించలేదు. యూఏఈ 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాలు లేనివాళ్లు చాలామంది జరిమానా లేకుండా బయటపడ్డారు.

ఇటు ఊళ్లో ఉన్నవాళ్ల సంగతేంటి? భర్త దుబాయ్‌లో, భార్య అరుగు మీద చాట పెట్టుకుని బీడీలు చుడుతూ... నిజామాబాద్ జిల్లాలో ఈ దృశ్యం కనపడని ఊరు తక్కువ. తునికాకు కత్తిరించి, జర్దా వేసి, దారం చుట్టి, కట్టలు కట్టి కార్ఖానాకు చేర్చితే వచ్చే డబ్బుతోనే పిల్లల ఫీజులు, కూరగాయలు ఎల్లాలి. దుబాయ్ డబ్బు అప్పుకు, బీడీ డబ్బు అన్నానికి. పోయినవాడి గురించి అందరూ అడుగుతారు. ఎల్లదీసేది మాత్రం ఉన్నావిడే.

ఇక అన్నిటికంటే కష్టమైన మాట ఒకటుంది. తెలుగులో ‘పోయిండు’ అంటే కదిలి వెళ్లాడనీ అర్థమే, చనిపోయాడనీ అర్థమే. ‘దుబాయ్ పోయిండు’ అంటే ఇంట్లో ఆశ పుట్టినట్టు. ‘దుబాయ్‌ల పోయిండు’ అంటే దీపం ఆరినట్టు. మధ్యలో ఉన్నది ఒక్క ‘ల’. ఫోన్‌లో సరిగ్గా వినపడక ఆ ‘ల’ దగ్గరే గుండె ఆగినంత పనయ్యే ఇళ్లున్నాయి. బస్టాండ్‌లో ఎవరూ ఉత్త ‘పోతున్న’ అనకపోవడం వట్టి ఛాదస్తం కాదని అప్పుడర్థమవుతుంది. పోయొస్త అనడం శకునం కాదు, ప్రార్థన. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం అందించేలా 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ సాయం కోసం సంఘాలు, కుటుంబాలు అడుగుతూనే ఉన్నాయి.

పదహారు మందిలో ఒకడు

ఈ సీమకు వలస కొత్త కాదు. బోధన్‌ను పూర్వం పోదన అనేవారని, షోడశ మహాజనపదాల్లో ఒకటైన అశ్మకకు అదే రాజధాని అని చరిత్రకారులు చెబుతారు. అశ్మక సీమలో గోదావరి గట్టున బావరి అనే వృద్ధ పండితుడు ఉండేవాడని బౌద్ధుల సుత్తనిపాతం చెబుతుంది. ఉత్తరాదిన బుద్ధుడు వెలిశాడని విని ఆయన తన పదహారు మంది శిష్యులను ప్రశ్నలిచ్చి పంపాడు. ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా వాళ్లు మగధ దాకా నడిచారు. గోదావరి తీరం నుంచి ఎల్లిన తొలి దూరప్రయాణికుల జాబితా అనుకోవచ్చు.

ఆ కథ ఉన్న భాగానికి పేరు పారాయణ వర్గం. పారాయణం అంటే మనకు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదవడం. విడదీస్తే పార, అయన... అంటే అవతలి ఒడ్డుకు పోవడం. ఆ పదహారు మందిలో పింగియుడు అనేవాడు తిరిగివచ్చి, చూసినదంతా గురువుకు చెప్పాడు. అవతలి ఒడ్డుకు పోయినవాళ్ల కబురు ఇంటికి చేరాలంటే కనీసం ఒకడైనా వెనక్కి రావాలి కదా!

అవతలి ఒడ్డు చూడాలనుకునేవాళ్లు రెంజల్ మండలం కందకుర్తికి పోవచ్చు. మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలిసే చోటు అది. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే, అవతల మహారాష్ట్ర. హైదరాబాద్ నుంచి నిజామాబాద్‌కు రైలు, బస్సు రెండూ ఉన్నాయి. దూరం సుమారు 175 కిలోమీటర్లు. అక్కడి నుంచి బోధన్ 25 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. బోధన్‌లో పాత గుడి స్తంభాల మధ్య నిలిచిన దేవల్ మసీదు, శక్కర్‌నగర్ వీధులు చూడదగ్గవి. దారిలో కాస్త పక్కకు తిరిగితే అలీసాగర్ జలాశయం పిల్లలకు నచ్చుతుంది.

సెలవు మీద గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ని ఊళ్లో అందరూ మొదట అడిగే ప్రశ్న ‘ఎప్పుడొచ్చినవ్?’. జవాబు పూర్తయ్యేలోపే రెండోది, ‘మళ్లెప్పుడు పోతవ్?’. అడిగేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు. అలవాటు. విన్నవాడు నవ్వి తేదీ చెబుతాడు. లోపల ఇంటి మనిషి మాత్రం ఆ జవాబు ఇంకోలా ఉంటే బాగుండునని చూస్తుంది. ‘ఇగ పోను. ఈడనే ఎల్తది.’